ఒకే రకం వేరుశనగ, రెండు రకాల చిక్కీ: చిత్తూరు దగ్గర ఒక యూనిట్ కేసు

తిరుపతిలో ఉంటూ చిన్న చిన్న ఆహార యూనిట్లకు నాణ్యత విషయంలో సలహాలు ఇవ్వడం నా పని. ఈ కేసులో నేనిచ్చిన మొదటి సలహా తప్పింది. ఆ తప్పు వెనకున్న ఆలోచన నా ఒక్కడిదే కాదు, ఈ పనిలో ఉన్న చాలామందిది. అందుకే రాస్తున్నాను. యూనిట్ ఎవరిదో తెలియకుండా ఊరి పేరు వదిలేశాను, వ్యాపార వివరాలు కొన్ని మార్చాను. పరీక్షల అంకెలను గుండ్రం చేశాను.

యూనిట్ సంగతి

చిత్తూరుకు దగ్గర్లో రెండు గానుగలు, వేయించే డ్రమ్ము ఒకటి, చిక్కీ పరిచే బల్లలు ఉన్న చిన్న యూనిట్. నడిపేది ఒకావిడ, గింజలు కొనుక్కొచ్చేది ఆవిడ మరిది. చిక్కీ, వేయించిన ఉప్పు పల్లీలు, గానుగ నూనె అమ్ముతారు. సరుకులో సగం చిత్తూరు, తిరుపతి అంగళ్లకు, మిగతాది బెంగళూరు డీలరుకు పోతుంది.

గింజలు రెండు వైపుల నుంచి వస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో శ్రీకాళహస్తి వైపు ఇసుక నేలల్లో నీటి కింద పండిన రబీ పంట. అక్టోబరు, నవంబరులో పుంగనూరు, పలమనేరు వైపు మెట్టలో వాన మీద పండిన ఖరీఫ్ పంట. రెండూ కదిరి-6 రకమే, మా పక్క రైతుల మాటలో ‘కె సిక్స్’. పాత టీఎంవీ-2ను పక్కకు నెట్టి రాయలసీమంతా పాకిన రకం అది. మండీలో చెనక్కాయలు అంటే అదే అన్నంతగా అలవాటైపోయింది.

వచ్చిన సమస్య

జనవరిలో ఆవిడ ఫోన్ చేశారు. “సార్, ఎండాకాలంలో చేసిన చిక్కీ రెండు నెల్లు బాగుండె. ఇప్పుడు చేసింది నెల దాటంగానే వాసనొస్తా ఉంది. చలికాలంలో చెడేదేంది సార్?”

అడిగిన ప్రశ్న సరైనదే. నూనె పదార్థం ఎండలో తొందరగా చెడాలి, చలిలో ఆగాలి. ఇక్కడ తిరగబడింది. బెంగళూరు నుంచి నలభై డబ్బాలు వెనక్కి వచ్చాయి. ఒకటి విప్పి చూశాను. బూజు లేదు, మెత్తబడలేదు. ముక్క విరిస్తే టక్కుమని విరిగింది. నోట్లో వేసుకుంటే ముందు బెల్లం తీపి బాగానే ఉంది, తర్వాత నాలుక వెనక పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు ఓ వాసన. ముక్కిన గింజ వాసన వేరు, ఇది వేరు. వేరుశనగ నూనెలో ఉండే లినోలీక్ అనే కొవ్వు ఆమ్లం గాలితో కలిసి విరిగినప్పుడు హెక్సనాల్ లాంటి పదార్థాలు పుడతాయి, వాటి వాసన ఇలాగే ఉంటుంది. ఆ రోజు నాకు ఈ మాట తట్టి ఉంటే రెండు నెలలు మిగిలేవి. తట్టలేదు.

ముందు చేసినవి

నేను వెళ్లేసరికే వాళ్లు రెండు మార్పులు చేసి చూశారు. ప్యాకింగ్ కవరు మందం పెంచారు. బెల్లం మార్చారు, ఎందుకంటే మరిదికి బెల్లం మీదే అనుమానం. “ఈ ఏడు బెల్లంలో నీళ్లు ఎక్కువొదినా, నే ముందే చెప్తి గదా” అని నా ముందే ఆవిడతో వాదన పెట్టుకున్నాడు. బెల్లం మార్చినా వాసన పోలేదు.

బెల్లం సంగతి తేల్చడం సులువు. అదే గింజలు వేయించి, బెల్లం కలపకుండా, అదే కవర్లో కట్టి పెట్టమన్నాను. ఐదు వారాలకు వాటిలోనూ అదే వాసన. దాంతో బెల్లం, పాకం, బల్ల మీద పూసే నెయ్యి అన్నీ నా జాబితాలోంచి పోయాయి. మిగిలింది గింజే.

గింజలోని నూనె పాడయ్యే దారులు రెండు. ఒకటి తేమ వల్ల. తేమ ఎక్కువైతే ఎంజైములు నూనెను విరగ్గొట్టి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను పెంచుతాయి. రెండోది గాలి వల్ల, దాన్ని పెరాక్సైడ్ విలువ చూపిస్తుంది. పచ్చి గింజల్లో రెండూ చేయించాను. తేమ 6.5 శాతం, స్వేచ్ఛా ఆమ్లాలు ఒక శాతం లోపు, పెరాక్సైడ్ విలువ ఒకటీ రెండూ. ఏ పుస్తకం చూసినా మంచి గింజలే. అఫ్లటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం, పరీక్ష కూడా చేయించాను. ఈ సమస్యకు దానికి సంబంధం లేదు గానీ, వానలో పీకిన సరుకు అని విన్నాక చూడకుండా వదలడం నా వల్ల కాదు. నేరుగా తినే గింజలకు మన నిబంధనల్లో కిలోకు 10 మైక్రోగ్రాముల పరిమితి ఉంది, దానికి బాగా లోపే వచ్చింది. అదే గింజలతో చేసిన చిక్కీ నుంచి ఐదో వారంలో నూనె తీసి చూస్తే మాత్రం పెరాక్సైడ్ విలువ 14. వచ్చేటప్పుడు గింజ బాగుంది, మిగతా వాటికంటే తొందరగా చెడింది. ఆ తేడా గింజ లోపలే ఎక్కడో ఉండాలి.

నా తప్పు

ఇక్కడ నేనో తీర్మానానికి వచ్చేశాను. మండీ సరుకు కదా, కె సిక్స్ పేరుతో వేరే రకాలు కలిపేసి ఉంటారు, నూనె స్వభావం రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి రకం కల్తీయే కారణం అనుకున్నాను. “మండీలో కొనొద్దు, విత్తనం ఎక్కడిదో చూపించగల ఒక్క రైతు దగ్గరే కొనండి” అన్నాను. పుంగనూరు వైపు అలాంటి రైతు దొరికాడు. ధృవీకరించిన విత్తనం కొన్న రసీదు కూడా చూపించాడు. బస్తాకు కాస్త ఎక్కువ పెట్టి పదిహేను బస్తాలు కొన్నారు.

ఆ చిక్కీ కూడా ఐదో వారానికే వాసన వచ్చింది.

ఆవిడ ఏమీ అనలేదు. నాకు అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది. కానీ ఆ పదిహేను బస్తాలు వృథా పోలేదు. రకం ఒకటేనని రుజువుతో సహా తేలింది, సమస్య అలాగే ఉంది. అంటే రకాన్ని దాటి చూడాలి.

రకం ఏం ఇస్తుందో, ఏం ఇవ్వదో ఇక్కడ చెప్పాలి. మామూలు వేరుశనగ గింజలో సగానికి అటూ ఇటూ నూనె, పావు వంతు దాకా ప్రొటీన్. ఆ నూనెలో నూటికి ఎనభై పాళ్లు రెండే కొవ్వు ఆమ్లాలు: ఒలీక్, లినోలీక్. ఒలీక్‌లో జంట బంధం ఒకటి, లినోలీక్‌లో రెండు. ఆ రెండో బంధం వల్ల లినోలీక్ గాలికి పది రెట్లకు పైగా వేగంగా పాడవుతుంది. కాబట్టి నిల్వ గుణం చాలావరకు ఈ రెండింటి నిష్పత్తి మీదే ఉంటుంది. ఆ నిష్పత్తి ఏ హద్దుల్లో ఉండాలో రకం నిర్ణయిస్తుంది. ఆ హద్దుల లోపల ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది గింజ నిండేటప్పటి వాతావరణం, నేల, పీకిన రోజు. నేను రకం పేరు చూసి అంకె చదివేశాను. పరిశోధనా కేంద్రాల పట్టికల్లో రకం పక్కన ఒక్క అంకె ఉంటుంది కదా, అది సగటు అన్న సంగతి మర్చిపోతాం.

వేయించే కుర్రాడి మాట

రెండోసారి యూనిట్‌కు వెళ్లినప్పుడు డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. వేయించే కుర్రాడు గరిటెతో కాసిని గింజలు తీసి చేతిలో పోశాడు. కొన్ని లేత గోధుమ రంగులో సరిగ్గా ఉన్నాయి, వాటి మధ్య కొన్ని నల్లగా మాడి ఉన్నాయి. “ఈ గింజలు ఇంతే సార్. సగం వేగేలోపల సగం మాడతాయి. ఎండాకాలం గింజలట్ల గాదు.”

మాడిన వాటిని ఏరి చూస్తే అన్నీ చిన్నవి. పచ్చి బస్తాలోంచి గుప్పెడు తీసి పరిచాను. నిండు గింజ పొట్టు గులాబీ రంగులో, బిగుతుగా, నున్నగా ఉంది. చిన్న గింజల పొట్టు ముడతలు పడి, పాలిపోయి ఉంది. వేలితో నలిపితే తోలు జారినట్టు జారింది. నమిలితే నిండు గింజ కంటే తియ్యగా ఉంది. ముదరని గింజలో నూనె తక్కువ, చక్కెరలు ఎక్కువ. ఆ చక్కెరలే వేయించినప్పుడు తొందరగా నల్లబడతాయి. గానుగ తోలే ఆయన్ని అడిగితే, ఈ సరుకులో బస్తాకు రెండు కిలోల నూనె తక్కువ దిగుతోందని చెప్పాడు. ఇద్దరూ నెలన్నర నుంచి ఇదే చెప్తున్నారట. నేను వచ్చి నేరుగా ల్యాబ్ సీసాలు తెరిచాను, వాళ్లను అడగలేదు.

రైతుకు ఫోన్ చేస్తే సంగతి తెలిసింది. కె సిక్స్ మామూలుగా 100 నుంచి 105 రోజుల పంట. ఈశాన్య రుతుపవనాల వాన ముసురు పట్టేలా ఉందని అతను 90 రోజులకే పీకేశాడు. వాన పడితే కాయ నేలలోనే మొలకెత్తుతుంది, ఈ రకానికి గింజ నిద్ర తక్కువ. అతని వైపు నుంచి చూస్తే సరైన నిర్ణయమే. పూత దశలో, అంటే 45 రోజుల దగ్గర, ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలి. ఆ ఏడాది అది కూడా వేయలేదు. వేరుశనగ కాయ తనకు కావాల్సిన కాల్షియాన్ని వేరు ద్వారా కాదు, చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. అక్కడ సున్నం తక్కువైతే గింజ నిండదు, లొట్ట కాయలు ఎక్కువవుతాయి.

ఏది ఎంత?

ఇప్పుడు నా చేతిలో మూడు కారణాలున్నాయి: ముదరకపోవడం, ఊరు, కాలం. మూడూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. తూర్పు సరుకు, అంటే శ్రీకాళహస్తి వైపుది, రబీది, ముదిరింది. పడమటి సరుకు, అంటే పుంగనూరు వైపుది, ఖరీఫ్‌ది, ముదరలేదు. రెండింటిని పక్కపక్కన పెట్టి పోలిస్తే తేడా కనిపిస్తుంది, కారణం కనిపించదు. అందుకే విడదీసే నమూనాలు వెతికాను.

యూనిట్‌లో మిగిలిన తూర్పు రబీ గింజలను గ్యాస్ క్రొమటోగ్రఫీలో, అంటే నూనెలో ఏ కొవ్వు ఆమ్లం ఎంతో విడదీసి చూపే పరీక్షలో పెట్టిస్తే ఒలీక్ 49, లినోలీక్ 30 శాతం. పడమటి ఖరీఫ్ గింజలు మొత్తంగా 43, 36. ఒకే రకంలో ఇంత తేడా. తర్వాత పడమటి బస్తాను జల్లెడ పట్టించాను. బరువులో రెండు వంతులు నిండు గింజలు, ఒక వంతు ముడత గింజలు. నిండు గింజల్లో 45, 34. ముడత గింజల్లో 39, 40, అంటే లినోలీక్ ఒలీక్‌ను దాటిపోయింది. లెక్క వేస్తే, తూర్పుకూ పడమటికీ లినోలీక్‌లో ఉన్న ఆరు పాళ్ల తేడాలో రెండు పాళ్లు ముదరకపోవడం వల్ల, నాలుగు పాళ్లు ఊరు, కాలం వల్ల.

ఆ నాలుగింటిలో ఊరెంత, కాలమెంత? పుంగనూరు వైపే బోరు కింద ఎండాకాలం పంట వేసి మే మొదట్లో పీకే రైతులు ఉన్నారు. ఆ పంట వచ్చేదాకా ఆగి, ఒక బస్తా తెప్పించి, నిండు గింజలే చేయించాను. ఒలీక్ 47, లినోలీక్ 32. అదే రకం, అదే మండలం. మారింది గింజ నిండిన నెల, దాంతోపాటు నీటి వసతి. తూర్పు సరుకుతో ఉన్న ఆ నాలుగు పాళ్ల తేడాలో సగం పోయింది.

కారణం ఇది. గింజలో ఒలీక్ ముందు తయారవుతుంది. దానికి ఇంకో జంట బంధం పెట్టి లినోలీక్‌గా మార్చే ఎంజైమ్ చల్లదనంలో చురుగ్గా పనిచేస్తుంది, వేడిలో మందగిస్తుంది. పడమటి మండలాలు ఎత్తైన మెట్ట నేలలు. అక్టోబరు చివర్లో ముసురు పట్టి, రాత్రిళ్లు చల్లబడుతుంటే గింజ నిండుతుంది. శ్రీకాళహస్తి వైపు రబీ పంట మార్చి ఎండల్లో నిండుతుంది. మరిది ‘పడమటి సరుకు’ అన్నది నిజానికి చలికి నిండిన సరుకు. ఇది ఒక్క ఏడాది, కొద్ది బస్తాల లెక్క. పరిశోధన ఫలితంగా చెప్పను. కొనుగోలు మార్చుకోవడానికి మాత్రం నాకు చాలింది.

60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి కూడా చూశాను. వేయించిన ముడత గింజలకు ఐదో రోజున వాసన వచ్చింది, పడమటి నిండు గింజలకు ఎనిమిదో రోజున, తూర్పు గింజలకు పదకొండో రోజున.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే బయటపడింది. నూనెలో జంట బంధాలు ఎంత ఎక్కువున్నాయో చూపే అంకె అయోడిన్ విలువ. వేరుశనగ నూనెకు మన ఆహార ప్రమాణాల్లో అది 85 నుంచి 99 మధ్య ఉండాలని రాసి ఉంది. లినోలీక్ పెరిగితే ఆ విలువా పెరుగుతుంది. పడమటి గింజల గానుగ నూనెకు 98.6 వచ్చింది. ఏ కల్తీ లేకుండా, కళ్ల ముందు ఆడిన నూనె అది. చలి ఇంకాస్త ముదిరితే స్వచ్ఛమైన నూనె కూడా గీత దాటేదేమో అనిపించింది.

ప్రొటీన్ గొడవ

అసలు కేసుకు ఇది పక్క దారి, అయినా చెప్పాలి. బెంగళూరు డీలరు ప్యాకెట్ మీద ప్రొటీన్ శాతం వేయమన్నాడు. తూర్పు గింజలకు ఒక ల్యాబ్ 28.6 ఇచ్చింది, పడమటి గింజలకు ఇంకో ల్యాబ్ 25. “చూడండి సార్, పడమటి దాంట్లో ప్రొటీన్ కూడా తక్కువే” అన్నాడు మరిది, పట్టుకున్న దొంగను చూపించినట్టు. ల్యాబులు నైట్రోజన్ కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి ప్రొటీన్ లెక్క కడతాయి. అందుకే రెండు రిపోర్టుల్లోనూ నైట్రోజన్ అంకె అడిగి తెప్పించాను. రెండింటిలోనూ 4.58. ఒక ల్యాబ్ దాన్ని మామూలుగా ఆహారాలకు వాడే 6.25తో హెచ్చించింది, రెండోది వేరుశనగకు వాడే 5.46తో. గింజల్లో తేడా లేదు, తేడా గుణకంలో. నూనె శాతంలోనూ ఇదే మోసం జరుగుతుంది: తేమ తీసేసిన లెక్కలో 48 అని వచ్చింది, 7 శాతం తేమతో ఉన్న గింజ లెక్కలో 44.6 అవుతుంది. రెండు రిపోర్టులు పక్కన పెట్టేముందు ఏ లెక్కో చూడకపోతే, నేలకూ రకానికీ లేని నేరం అంటగడతాం.

పనిచేసినవి

పడమటి సరుకు పూర్తిగా మానేయమని చెప్పలేదు. ఏడాదంతా తూర్పు సరుకుతో నడపాలంటే ఏప్రిల్‌లో పెద్ద పెట్టుబడి పెట్టి నిల్వ చేయాలి. వాళ్లకు అంత డబ్బు లేదు. కాబట్టి సరుకును పని బట్టి విడగొట్టాం. రెండు నెలలు ఆగాల్సిన చిక్కీకి, బెంగళూరు ఆర్డరుకు ఎండలో నిండిన గింజలే. చలికి నిండిన వాటిలో నిండు గింజలు వారం పదిరోజుల్లో అమ్ముడుపోయే ఉప్పు పల్లీలకు, ఊళ్లో అంగళ్లకు. ముడత గింజలు యూనిట్ గడప దాటి లోపలికి రాకూడదు, యంత్రంతో నూనె తీసే ఎక్స్‌పెల్లర్ మిల్లుకు అమ్మేయాలి.

దీనికి మరిది ఒప్పుకోలేదు. పడమటి సరుకు చవక, అందులోంచి మూడో వంతు తీసేస్తే ఏం మిగులుతుంది అని. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. తూర్పు గింజ కిలో 100 రూపాయలు అనుకుంటే పడమటిది 92. మూడో వంతు ముడత గింజలు మిల్లు వాడు 70కి తీసుకుంటే, మిగిలిన నిండు గింజ కిలో 103 పడుతుంది. కాగితం మీద 103 చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత జల్లెడ తీసుకునే మండీకి పోవడం మొదలుపెట్టాడు. కిలో గింజలు జల్లెడ పోసి, కింద పడింది తూచి, అప్పుడు ధర అడుగుతాడు.

ఎండాకాలం గింజలను డిసెంబరు దాకా ఎలా ఆపాలన్నది రెండో ప్రశ్న. అంతకుముందు అంతా కొట్టించి పప్పుగా నిల్వ చేసేవాళ్లు. పొట్టు చిట్లిన, బద్ద విడిన గింజకు గాలి తగిలే చోటు ఎక్కువ. ఇప్పుడు కాయగానే ఉంచి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొట్టిస్తున్నారు. కాయకు ఎక్కువ జాగా కావాలి, పురుగు చూసుకోవాలి. శీతల గిడ్డంగి మాట ఆలోచించాం గానీ అద్దె చూసి వదిలేశాం.

వేయించడం కూడా సరుకును బట్టి మార్చాం. దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఆ కుర్రాడికి తెలిసిందే, అతని ఇష్టానికి వదిలేశాం.

ఆ ఏడాది చలికాలం చిక్కీ పదో వారం దాకా నిలిచింది. ఒక్క విడత మాత్రం మళ్లీ వెనక్కి వచ్చింది. మళ్లీ గింజలనే అనుమానించి ల్యాబ్‌కు పంపబోయాను. ఆవిడే ఆపి, బస్సు వాళ్లను అడిగారు. డబ్బాలు రెండు రోజులు ఎండలో డిపో బయట ఉన్నాయట.

చేయకుండా ఆపినది

అధిక ఒలీక్ రకాల మాట ఆవిడే తెచ్చారు. గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో ఒలీక్ దాదాపు 80 శాతం ఉంటుంది. వేరుశనగలో ఆ లినోలీక్ ఎంజైమ్ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది, రెండూ పనిచేయని గింజలే ఇవి. ఇలాంటి మొక్క అమెరికాలో ఫ్లోరిడాలో దొరికిందని 1987లో తొలిసారి బయటకు వచ్చింది. మన దగ్గర జునాగఢ్ వేరుశనగ పరిశోధనా సంస్థ, ఇక్రిశాట్ కలిసి తెచ్చిన రకాలు ఇవి. ఎంజైమే లేనప్పుడు చలి వచ్చినా ఒలీక్ పెద్దగా దిగదు. ఈ యూనిట్ సమస్యకు నేరుగా మందు లాంటిది.

అయినా వెంటనే మారమనలేదు. మండీలో ఈ గింజ మామూలు గింజలా కనిపిస్తుంది, కలిసిపోతే కంటితో విడదీయలేం. రైతుతో ముందే ఒప్పందం, విడి సంచులు, విడిగా కొట్టించడం కావాలి. గానుగ నూనెకు ఇంకో ఇబ్బంది. 80 శాతం ఒలీక్ ఉంటే అయోడిన్ విలువ 75 దగ్గరికి దిగుతుంది, పైన చెప్పిన 85 గీతకు బాగా కింద. మా పడమటి నూనె పై గీతకు తగిలితే, ఇది కింది గీతను దాటుతుంది. చిక్కీకి ఆ బెడద లేదు. కాబట్టి చిక్కీకి మాత్రమే, అదీ కొద్దిగా చూద్దామన్నాం.

తూర్పు వైపు ఒక రైతు అరెకరంలో వేశాడు. మరిది వారానికోసారి పోయి చూసొస్తున్నాడు. జిప్సం వేశారా అని నేనడిగితే, వేయించానని, సంచి ఫోటో పంపాడు. ఏప్రిల్‌లో పీకుతారు. మొదటి బస్తా నాకు, పరీక్షకు. మిగతాది ఆవిడ చిక్కీకి.